మోచేయి డొక్క వదిలితే పట్టు పడ్డట్టే

బ్రెజిల్ కుస్తీలో కీళ్ల పట్ల నుంచి కాచుకునే తీరు

అది 1951 అక్టోబరు 23వ తేదీ. బ్రెజిల్ దేశంలోని రియో డి జెనీరో నగరం. మరకానా స్టేడియంలో వేలాది జనం ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. గోదాలో కింద పడి ఉన్నవాడు ఆ నగరంలోనే గురువుగా పేరు మోసిన ఎలియో గ్రేసీ. అతణ్ణి అదిమిపట్టినవాడు జపాన్ జూడో వీరుడు మసాహికో కిమురా. ఎలియో చేయి ఒకటి కిమురా రెండు చేతుల మధ్య చిక్కింది. మోచేయి వంగి ఉంది. మణికట్టు వీపు వెనక్కి, అక్కడి నుంచి తల వైపుకు తిరుగుతోంది. భుజం కీలు ఎంతవరకు తిరగగలదో అంతవరకు తిరిగింది. ఆ తర్వాతా తిరిగింది.

ఎలియో నోరు మెదపలేదు. ఖాళీగా ఉన్న రెండో చేత్తో చాపను తట్టలేదు. ఆ కుస్తీలో చాపను తట్టడమంటే ఓటమి ఒప్పుకున్నట్టు. తట్టిన మరుక్షణం ఎదుటివాడు పట్టు వదిలేయాలి. ఎముక విరిగిన చప్పుడు తనకు వినిపించిందనీ, అయినా ఎలియో లొంగలేదనీ కిమురా తర్వాత రాసుకున్నాడు. చివరకు గోదా పక్కన నిలబడిన అన్న కార్లోస్ గ్రేసీ చూడలేక తువ్వాలు విసిరి పోటీ ఆపించాడు. రెండో విడతలో మూడు నిమిషాలు గడిచేసరికి ఆట ముగిసింది.

ఓడినవాడి ధైర్యానికి గెలిచినవాడే మెచ్చుకున్నాడు. గెలిచినవాడి మీద గౌరవంతో ఓడినవాళ్లు ఆ పట్టుకు ‘కిమురా’ అని పేరు పెట్టుకున్నారు. జపాన్‌లో దానికి ఉదె గరామి అని వేరే పేరుంది. అయినా ఇవాళ ప్రపంచమంతటా ఆ విద్య నేర్చేవారికి అది కిమురా పట్టే.

జపాన్ విత్తనం, బ్రెజిల్ పంట

ఈ విద్యను బ్రెజిల్ జియుజిట్సు అంటారు. దీనికి మూలం జపాన్ జూడో. జిగొరో కానో అనే పండితుడు 1882లో టోక్యోలో జూడో పాఠశాల స్థాపించాడు. ఆయన దగ్గర తయారైన మిత్సుయో మయేదా దేశదేశాలు తిరిగి కుస్తీలు పట్టి 1914లో బ్రెజిల్ చేరాడు. ఉత్తరాన బెలెం పట్టణంలో స్థిరపడ్డాడు. కార్లోస్ గ్రేసీ అక్కడే ఆ విద్య నేర్చి తమ్ముళ్లకు నేర్పాడు. వాళ్లలో చిన్నవాడు, బక్కపలచనివాడు ఎలియో.

జూడోలో ఎత్తి పడేయడం ప్రధానం. గ్రేసీలు పడిన తర్వాత ఏం చేయాలన్న దాని మీద దృష్టి పెట్టారు. మన జాతర కుస్తీల్లో రెండు భుజాలూ నేలకు ఆనితే చిత్తు. ఆట అక్కడితో సరి. బ్రెజిల్ వారి కుస్తీలో మాత్రం వెల్లకిలా పడినవాడు ఓడినట్టు కాదు. అసలు ఆట అప్పుడే మొదలవుతుంది. కింద ఉన్నవాడు కాళ్లతో పైవాణ్ణి బిగించి, మెడ నొక్కి గానీ కీలు మెలితిప్పి గానీ లొంగదీయవచ్చు. అందుకే బలం తక్కువైనవాడు బలవంతుణ్ణి ఓడించే విద్య అని దీనికి పేరు వచ్చింది.

బలం తక్కువైనవాడికి అంత శక్తి ఎక్కణ్ణుంచి వస్తుందంటే, గునపం నుంచి వస్తుంది.

గునపం లెక్క

పొలంలో బండరాయి పెకలించాలంటే కింద గునపం దూర్చి, గునపం కింద చిన్న రాయి ఆనిస్తారు. ఆ రాయి లేకపోతే గునపం ఎంత తొక్కినా బండ కదలదు. మోచేతి పట్టూ అంతే. చిక్కినవాడి చేయే గునపం. వేసేవాడి నడుము ఆ చిన్న రాయి.

పట్టు వేసేవాడు చిక్కినవాడికి అడ్డంగా పడుకుని, ఒక కాలు అతని మెడ మీద, మరో కాలు ఛాతీ మీద వేస్తాడు. చేతిని రెండు తొడల మధ్య నొక్కిపెట్టి మణికట్టును గుండెకు హత్తుకుంటాడు. మోచేతి మొన సరిగ్గా తన కటి ఎముక మీద ఆనేలా చూసుకుని నడుము పైకెత్తుతాడు. మోచేయి తలుపు బందు వంటిది. ఒకవైపే మడుస్తుంది. రెండో వైపుకు ఒత్తితే ముందు నరాలు సాగుతాయి, తర్వాత తెగుతాయి. లేదా ఎముక విరుగుతుంది. ఒక మనిషి నడుము, వీపు, రెండు కాళ్లు, రెండు చేతులు కలిసి ఎదుటివాడి ఒక్క మోచేతి మీద పనిచేస్తున్నాయన్న మాట. అక్కడ కండబలం ఎందుకూ కొరగాదు.

కాచుకునే కిటుకు కూడా ఆ లెక్కలోనే ఉంది. పట్టు నిలవాలంటే మూడు కావాలి. మణికట్టు వాడి చేతిలో ఉండాలి. భుజం కదలకుండా అతని కాళ్లు అదిమి ఉంచాలి. మోచేయి నడుము మీదే ఉండాలి. ముక్కాలిపీటకు ఒక కాలు ఊడితే చాలు, పీట పడిపోతుంది. చిక్కినవాడు చేయవలసిందల్లా మూడింట ఒకదాన్ని ఊడగొట్టడమే.

అయితే అనుభవం లేనివాడు సరిగ్గా తప్పు పనే చేస్తాడు. మీద ఎవరో కూర్చుంటే రెండు చేతులూ చాపి తోసేయబోతాడు. అది మనిషి స్వభావం. ఎదురుచూసేవాడికి అంతకన్నా కావలసిందేముంది? చాచిన చేయి అప్పనంగా దొరుకుతుంది. దొరికిన తర్వాత కంగారుపడి చేతిని వెనక్కి గుంజుతాడు. జారుముడి పడిన గిత్త గుంజుకున్నకొద్దీ తాడు బిగుసుకున్నట్టే ఇక్కడా జరుగుతుంది. గుంజే ఊపులోనే చేయి నిటారవుతుంది.

అందుకే గురువులు మొదటి రోజు నుంచీ ఒక్క మాటే పదేపదే చెబుతారు. మోచేతులు డొక్కలకు అంటిపెట్టుకుని ఉండాలని. చంకలో పుస్తకం పెట్టుకుని అది జారకుండా నడిచేవాడి మోచేయి ఎలా ఉంటుందో, కింద పడినప్పుడూ అలాగే ఉండాలి. తోయవలసి వస్తే అరచేత్తో కాదు, ముంజేతితో తోయాలి. అప్పుడు మోచేయి వంగే ఉంటుంది. వంగిన చేతిని నిటారు చేయడానికి ఎదుటివాడు ముందు ఒక పెద్ద పని చేయాల్సి వస్తుంది.

చిక్కిన తర్వాత మూడు దారులు

అంత జాగ్రత్తపడినా చేయి చిక్కుతుంది. అప్పుడు మొదటి పని రెండు చేతులూ కలిపి గట్టిగా పట్టుకోవడం. లేదా చిక్కిన చేత్తో రెండో చేతి దండను పట్టుకోవడం. ఇది తప్పించుకోవడం కాదు. వాయిదా వేయడం మాత్రమే. ఎదుటివాడు వీపు బలమంతా పెట్టి వెనక్కి వాలుతుంటే వేళ్ల పట్టు ఎంతసేపు ఆగుతుంది? ఆ కొద్ది వ్యవధిలోనే అసలు పని కానివ్వాలి. చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. చేతులు కలిపి బిగపట్టి, గండం గడిచిందనుకుని అక్కడే ఉండిపోతారు.

అసలు పని ఏమిటంటే, ఎదుటివాడి దగ్గరికే పోవడం. దూరంగా గుంజుకోవడానికి ఇది పూర్తిగా తిరగేసిన పద్ధతి. ప్రత్యర్థి కింద పడుకుని పట్టు వేస్తుంటే లేచి, అతని మోకాళ్లు అతని మొహానికే తగిలేలా బరువంతా మీద మోపి ముడిచేయాలి. ముడుచుకున్నవాడు నడుము ఎత్తలేడు. నడుము లేవకపోతే గునపం కింద రాయి లేనట్టే. ఆ స్థితిలో మోచేతిని కొంచెం కొంచెంగా కిందికి జార్చాలి. అది అతని నడుము గీత దాటి ఇవతలికి వచ్చిందంటే మణికట్టు వాడి గుప్పిట్లో ఎంతసేపున్నా ఫరవాలేదు.

రెండో దారి మెలిక. చేయి దాదాపు నిటారైపోయిందనుకోండి. బొటనవేలు నేలను చూసేలా చేతిని తిప్పి, ఆ వేలు చూపే దిక్కుకే ఒళ్లంతా దొర్లించాలి. మోచేతి మొన నడుము మీద నుంచి పక్కకు తొలగుతుంది. దారిలో బండి ఆపడానికి వేలు చూపినట్టు ఉంటుందని దీనికి అమెరికాలో ఆ అర్థం వచ్చే పేరే పెట్టారు. చూడటానికి సులువు. సమయం తప్పితే మాత్రం దొర్లినవాడే తన చేతిని తాను విరుచుకుంటాడు.

కిమురా పట్టు వేరే తరహా. ఇందులో చేయి నిటారు కాదు, మడిచి ఉంటుంది. దెబ్బ భుజానికి. ప్రత్యర్థి ఒక చేత్తో మణికట్టు పట్టి, రెండో చేయి మోచేతి కింద నుంచి దూర్చి తన మణికట్టును తానే పట్టుకుంటాడు. అలా ముడి వేసుకుని చిక్కిన చేతిని వీపు వైపు తిప్పుతాడు. మోచేయి డొక్కకు దూరమైతేనే ఈ తిప్పు పడుతుంది. కనుక చిక్కినవాడు వెంటనే తన నడికట్టునో, తొడ మీది బట్టనో గట్టిగా పట్టుకుని మోచేతిని డొక్కకు లాక్కోవాలి. చేతిని చాచేస్తే ఈ మెలిక ఊడుతుంది గానీ తెలిసిన ప్రత్యర్థి అదే అదనుగా మోచేతి పట్టుకు మారిపోతాడు. ఒక పట్టు తప్పించుకునే దారిలోనే రెండో పట్టు కాచుకుని ఉండటం ఈ విద్యలో తమాషా.

ఇక మూడో దారి చాపను తట్టడం. దాని సంగతి తర్వాత.

కాలి మెలికతో చెలగాటం వద్దు

చేతి పట్టులో ఒక మేలుంది. ముందు నొప్పి పుడుతుంది, దెబ్బ తర్వాత తగులుతుంది. నొప్పి హెచ్చరిక చేస్తుంది. మడమను చంకలో ఇరికించి పక్కకు తిప్పే మెలికలో ఆ మేలు లేదు. తిరిగేది మడమ, తెగేది మోకాలి లోపలి నరం. మోకాలు పక్కకు తిరగడానికి పుట్టిన కీలు కాదు. చిక్కినవాడు ఇంకా నొప్పి లేదు కదా అని ఆగేలోపు పని అయిపోవచ్చు. దీన్ని కాచుకోవడమంటే మడమ చిక్కకుండా దాచుకోవడం. చిక్కితే ఎదుటివాడి తొడల బిగువు నుంచి ముందు మోకాలిని బయటికి లాగాలి. మోకాలు బయటపడితే మడమ ఎంత తిప్పినా కాలంతా కలిసి తిరుగుతుంది. మోకాలు ఇరికి ఉండగా విసురుగా దొర్లితే ఆసుపత్రి దారే.

ఈ ప్రమాదం తెలిసే నిర్వాహకులు కట్టడి చేశారు. జూడోలో మోచేతికి తప్ప మరే కీలుకూ పట్టు వేయరాదని 1925లోనే నిబంధన వచ్చింది. బ్రెజిల్ జియుజిట్సు అంతర్జాతీయ సమాఖ్య పోటీల్లో కోటు తొడుక్కుని ఆడే విభాగాల్లో మడమ మెలిక ఎవరికీ అనుమతి లేదు. కోటు లేని విభాగంలో 2021 నుంచి అనుమతించారు. అదీ గోధుమ, నలుపు నడికట్లు సంపాదించిన పెద్దవాళ్లకే.

పత్రికలో చదివి పిల్లలు పశువుల కొట్టంలో ప్రయత్నించే విద్య కాదిది. తెలిసిన గురువు ఎదుట, మెత్తని చాప మీద, నెమ్మదిగా నేర్వవలసినది.

గామా ఇంటి బిడ్డకూ తప్పలేదు

గామా పేరు వినని కుస్తీ అభిమాని మన పల్లెల్లో ఉండడు. గామా తమ్ముడు ఇమాం బక్ష్ కూడా పేరున్న వస్తాదే. ఆయన కుమారుడు అక్రం పహిల్వాన్. దేశ విభజన తర్వాత ఆ కుటుంబం పాకిస్తాన్‌లో ఉండిపోయింది. 1976 డిసెంబరులో జపాన్ యోధుడు ఆంటోనియో ఇనోకీ కరాచీ వచ్చాడు. అదే సంవత్సరం జూన్‌లో బాక్సింగ్ వీరుడు మహమ్మద్ అలీతో టోక్యోలో తలపడినవాడు ఈ ఇనోకీయే. కిక్కిరిసిన స్టేడియంలో అక్రం అతనితో గోదాలోకి దిగాడు.

మట్టి గోదాలో చిత్తు చేయడం పుట్టుకతో వచ్చిన విద్య అక్రంకు. చేతిని వెనక్కి మెలితిప్పి లొంగదీయడం ఇనోకీ విద్య. మూడో విడతలో అక్రం చేయి ఇనోకీ మెలికలో చిక్కింది. అతను లొంగుతున్నానన్న సంజ్ఞ చేయలేదు. చేయి కీలు తప్పింది. వేల జనం ముందు గామా వంశం పరువు ఒకవైపు, చేయి ఒకవైపు. అక్రం ఏది ఎంచుకున్నాడో చెప్పనక్కరలేదు. దాన్ని తప్పుపట్టడం ఇక్కడ కూర్చుని తేలికే. ఆ గోదాలో చాపను తట్టే ఆచారమే లేదన్నది కూడా మరువరాదు. మన కుస్తీలో ఓటమి వీపుకు తెలుస్తుంది, నోటితో చెప్పే పని లేదు.

రెండున్నరేళ్లకు, 1979 జూన్‌లో, అక్రం అన్నదమ్ముల బిడ్డ ఝారా లాహోర్‌లో ఇనోకీని ఎదుర్కొన్నాడు. ఝారాకు అప్పటికి ఇరవై ఏళ్లయినా నిండలేదు. ఐదు విడతలు గడిచినా ఇనోకీకి ఆ కుర్రవాడి చేయి చిక్కలేదు. చివరకు ఇనోకీయే ఝారా చేయి పైకెత్తి జనానికి చూపించాడు.

తాత విసిరిన తువ్వాలు

గ్రేసీల కథ 1951తో ఆగలేదు. జపాన్‌లో కజుషి సకురబా అనే యోధుడు బయలుదేరాడు. 1999 నవంబరులో ఎలియో కొడుకు రాయ్లర్‌ను టోక్యోలో అదే కిమురా పట్టులో బిగించాడు. రాయ్లర్ తట్టలేదు. రిఫరీయే ఆపేశాడు. ఆపడం అన్యాయమని గ్రేసీ వర్గం గోల చేసింది. మరుసటి సంవత్సరం 2000 ఆగస్టులో రెంజో గ్రేసీ అదే సకురబా ఎదుట నిలిచాడు. రెంజో ఎవరో కాదు, తువ్వాలు విసిరిన కార్లోస్‌కు స్వయానా మనుమడు. నిలబడి ఉండగానే సకురబా అతని చేతిని వెనక్కి మెలితిప్పాడు. మోచేయి కీలు తప్పింది. రెంజో కూడా తట్టలేదు. తర్వాత మైకు ముందు సాకులు చెప్పకుండా ఆ రాత్రి తనకన్నా సకురబాయే మెరుగని ఒప్పుకున్నాడు. తమ్ముడి చేయి కాపాడటానికి తాత తువ్వాలు విసిరిన ఇంట్లో మనుమడికి ఆ పని చేసేవారు లేకపోయారు.

రిఫరీ అడ్డుపడి మేలు చేసిన సందర్భమూ ఉంది. 2004 జూన్‌లో అమెరికాలో ఫ్రాంక్ మీర్, టిం సిల్వియా తలపడ్డారు. నిమిషమైనా కాకముందే సిల్వియా చేయి మీర్ కాళ్ల మధ్య చిక్కింది. రిఫరీ హెర్బ్ డీన్ దూకి విడదీశాడు. తన చేయి బాగానే ఉందని సిల్వియా వాదించాడు. జనం రిఫరీని ఎగతాళి చేశారు. తర్వాత తెర మీద నెమ్మదిగా తిప్పి చూపితే ముంజేయి మధ్యలో వంగడం అందరికీ కనిపించింది. ఎముకకు లోహపు పలక వేయవలసి వచ్చింది.

తట్టడం కూడా విద్యే

పాఠశాలల్లో ఇప్పుడు పట్టు వేయడం కంటే ముందు తట్టడం నేర్పుతారు. ఎదుటివాడి ఒంటి మీద గానీ చాప మీద గానీ గట్టిగా రెండు మూడు దెబ్బలు వేయాలి. చేతులు రెండూ చిక్కితే కాలితో తట్టవచ్చు. అదీ కుదరకపోతే నోటితో చెప్పాలి. పోటీ నిబంధనల ప్రకారం పట్టులో ఉండి నొప్పితో కేక వేసినా ఓటమి కిందే లెక్క. బాధ్యత రెండు వైపులా ఉంది. సాధన సమయంలో పట్టు వేసేవాడు చివరి అంగుళం నెమ్మదిగా పోవాలి. తట్టీ తట్టగానే వదలాలి. ఈ నమ్మకం లేనిచోట ఎవరూ ఎవరికీ చేయి అప్పగించరు.

ఎప్పుడు తట్టాలన్నది మాత్రం ఏ పుస్తకమూ కొలిచి చెప్పలేదు. మోచేయి నడుము మీద ఆని, చేతుల ముడి వీడిపోయి, దొర్లడానికి చోటు లేదనుకోండి. ఇక తప్పించుకునే దారి లేదు. నొప్పి పుట్టేదాకా ఆగితే లాభమేమీ లేదు. రోజూ సాధన చేసేవాడు ఒక్క పూటలో పలుమార్లు తట్టి, లేచి, చేయి కలిపి మళ్లీ మొదలుపెడతాడు. తట్టనివాడు నెలల తరబడి కట్టుతో ఇంట్లో కూర్చుంటాడు. 2018 నుంచి ఆసియా క్రీడల్లో జియుజిట్సుకు చోటు దక్కింది. మన దేశంలోనూ నేర్చేవారు కనిపిస్తున్నారు కనుక ఈ లెక్క ఇకపై మన కుర్రవాళ్లకూ కావలసిందే.

ఈ విద్యలో నల్లని నడికట్టు కట్టిన మేటికి కూడా పొరపాటు తప్పదనడానికి బ్రెజిల్‌కు చెందిన ఆంటోనియో రోడ్రిగో నోగేరా ఉదంతం ఉంది. 2011 డిసెంబరులో కెనడాలోని టొరంటోలో అతనికి ఎదురుపడినవాడు సిల్వియా చేయి విరిచిన ఫ్రాంక్ మీరే. నోగేరా మొదట పిడిగుద్దులతో మీర్‌ను కూలదోశాడు. గెలుపు చేతికి అందినట్టే ఉంది. గుద్దులు మాని మెడ పట్టుకోబోయాడు. దొర్లిన దొర్లుడులో మీర్‌కు అతని చేయి దొరికింది. అదే కిమురా పట్టు. నోగేరా బయటపడగలనని ఇంకో పొర్లు పొర్లాడు. తట్టేసరికి ఆలస్యమైపోయింది. దండ ఎముక విరిగింది. శస్త్రచికిత్స చేసి పలక, మరలు బిగించారు.

పది నెలలకు, 2012 అక్టోబరులో, నోగేరా మళ్లీ గోదాలోకి వచ్చాడు. ఈసారి పోటీ రియో డి జెనీరోలోనే. ప్రత్యర్థి అమెరికాకు చెందిన డేవ్ హెర్మన్. రెండో విడతలో నోగేరా అతని మోచేతిని తన నడుము మీదికి తెచ్చుకుని వెనక్కి వాలాడు. హెర్మన్ ఓటమి ఒప్పుకున్నాడు. చేయి విరగకుండానే గోదా దిగి వెళ్లాడు.